బాగున్నట్టు కనిపించే గుర్రం

మాఘమాసం పెళ్లిళ్లు మొదలయ్యాయంటే మా నల్లగొండలో చీకటి పడేసరికి ఏదో ఒక ఫంక్షన్ హాలు ముందు తెల్లగుర్రం నిలబడి ఉంటుంది. ఒంటిమీద జరీ బట్ట, నుదుటిమీద పూసల కుచ్చు, చుట్టూ బ్యాండు మోత, జనరేటర్ పొగ. పెళ్లికొడుకుతో పాటు ఇద్దరు మేనల్లుళ్లను కూడా ఎక్కించుకుని అది ఓపిగ్గా అడుగులు వేస్తుంది. పిల్లలు మూతి నిమురుతారు, ఫొటోలు దిగుతారు. అర్ధరాత్రికి అదే గుర్రం బొలెరో ట్రాలీ ఎక్కుతుంది. మర్నాడు మిర్యాలగూడ, ఆ మర్నాడు జడ్చర్ల, వారం తిరిగేసరికి ఏదో ఒక జాతర. ఎక్కడ దిగినా ఇంకో నాలుగు గుర్రాల పక్కన కట్టేస్తారు. అన్నీ ఒకే గోలెంలో మూతిపెట్టి నీళ్లు తాగుతాయి.

మా కాకకు అలాంటి గుర్రాలు మూడు ఉన్నాయి. కొన్నేళ్ల కిందట ఆయన సంతలో ఒక కొత్త గుర్రాన్ని కొన్నాడు. మెరిసే వెంట్రుక, చురుకైన కళ్లు, ఉలవ గుగ్గిళ్లు పెడితే నిమిషంలో ఖాళీ చేసేది. అది వచ్చిన మూడు వారాలకు ఇంట్లో ఎప్పటినుంచో ఉన్న ముసలి ఆడగుర్రానికి జ్వరం వచ్చింది. ముక్కునుంచి చిక్కటి చీమిడి, దవడ కింద వాపు, మేత ముట్టలేదు. డాక్టర్ వచ్చి ముందు గ్లోవ్స్ తొడుక్కున్నాడు, మాస్క్ కట్టుకున్నాడు, పిల్లల్ని కొట్టం నుంచి బయటికి పంపేశాడు. అది చూసి కాకకు భయం వేసింది.

"గీ ముసలిదానికే జరమొచ్చింది గద సారూ. కొత్తది మంచిగనే ఉంది" అన్నాడు.

"మంచిగున్నదాని మీదనే నా అనుమానమంతా అన్నా" అన్నాడు డాక్టర్.

ఆ మాట నన్ను వదల్లేదు. గుర్రాలకు బ్యాక్టీరియా వల్ల, పరాన్నజీవుల వల్ల వచ్చే అంటురోగాల గురించి దొరికింది దొరికినట్టు చదవడం అప్పుడే మొదలుపెట్టాను. చదివేకొద్దీ ఒక సంగతి అర్థమైంది. రోగాల పేర్లు వేరు, వాటిని కలిగించే జీవులు వేరు, కానీ పరిశోధకులు నూరేళ్లకు పైగా వెతుకుతున్నది మాత్రం ఒక్కదాన్నే: రోగాన్ని లోపల దాచుకుని, పైకి బాగున్నట్టు కనిపించే పశువును. ముక్కు కారుతున్న గుర్రాన్ని ఎవరైనా పక్కన కట్టేస్తారు. బాగున్నదాన్ని ఎవరు కట్టేస్తారు?

డాక్టర్ గ్లోవ్స్ వేసుకోవడానికి కారణం గ్లాండర్స్. గుర్రాల రోగాల్లో అన్నిటికంటే భయపడాల్సింది ఇదే. బర్ఖోల్డేరియా మాలై అనే బ్యాక్టీరియా వల్ల వస్తుంది. ముక్కు లోపలి పొర మీద పుండ్లు పడతాయి, ఊపిరితిత్తుల్లో గడ్డలు కడతాయి, కొన్నిటికి కాళ్ల మీద, పొట్ట కింద చర్మంలో పూసల దండలా గడ్డలు లేచి పగులుతాయి. గాడిదలు, కంచరగాడిదలు చాలాసార్లు రోజుల్లోనే కుప్పకూలుతాయి. గుర్రం సంగతి వేరు. నెలలు, ఒక్కోసారి ఏళ్లు దీన్ని మోస్తూ బండి లాగుతుంది, ఊరేగింపులో నడుస్తుంది. అప్పుడప్పుడు ముక్కు కారుతుంది, తగ్గుతుంది. చూసేవాళ్లకు జలుబు. అది మూతిపెట్టిన గోలెం మాత్రం మిగతావాటికి ప్రమాదమే.

మనిషికీ సోకుతుంది, అదీ ప్రాణం మీదికి తెస్తుంది. గుర్రాలను సాకేవాళ్లకు, చికిత్స చేసేవాళ్లకు, ల్యాబుల్లో పనిచేసేవాళ్లకు ముప్పు ఎక్కువ. అమెరికా సైన్యం పరిశోధనశాలలో పనిచేసే ఒక సైంటిస్టుకు 2000లో ఇది సోకింది. ఆయనకు షుగర్ కూడా ఉంది. సరైన రోగం పేరు తేలడానికే వారాలు పట్టింది. అంతకు వందేళ్ల ముందటి కథ ఇంకా బాధాకరం. 1882లో జర్మనీలో లోఫ్లర్, షూట్జ్ ఈ బ్యాక్టీరియాను పట్టుకున్నారు. ఆ తర్వాత 1890, 91 ప్రాంతంలో రష్యా సామ్రాజ్యంలోని పశువైద్యులు హెల్మన్, కాల్నింగ్ విడివిడిగా పనిచేసి, ఈ బ్యాక్టీరియా సారం నుంచి మాలీన్ అనే పరీక్ష మందును తయారుచేశారు. రోగం ఉన్న గుర్రానికి దాన్ని ఎక్కిస్తే ఒళ్లు స్పందిస్తుంది, వాపు, జ్వరం వస్తాయి. లేని గుర్రానికి ఏమీ కాదు. లోపల దాగిన రోగాన్ని బయటికి లాగే మొదటి పనిముట్టు అది. ఆ పనిలోనే కాల్నింగ్‌కు గ్లాండర్స్ సోకి ప్రాణం పోయింది. ఈనాటికీ మాలీన్ పరీక్షలో గుర్రం కింది కనురెప్పలోకి సూది వేసి, రెండు రోజులకు రెప్ప వాచిందా లేదా అని చూస్తారు.

బ్రిటన్ 1928 నాటికి ఈ రోగాన్ని తుడిచిపెట్టింది. మందుతో కాదు. పరీక్ష చేయడం, పాజిటివ్ వస్తే చంపేయడం, అంతే. అదే కాలంలో రోడ్ల మీద గుర్రాల స్థానంలోకి మోటార్లు రావడం కూడా కలిసొచ్చింది. మన దేశంలో గ్లాండర్స్ మీద 1899లోనే చట్టం ఉంది. ఇప్పుడు 2009 నాటి అంటురోగాల చట్టం కింద ఇది తప్పనిసరిగా ప్రభుత్వానికి తెలియజేయాల్సిన రోగం. మధ్యలో కొన్నేళ్లు సద్దుమణిగినట్టు కనిపించి 2006లో మళ్లీ బయటపడింది. తర్వాత చాలా రాష్ట్రాల్లో కనిపిస్తూనే ఉంది. వైద్యం చేయకూడదు, వ్యాక్సిన్ లేదు. తేలితే ఆ పశువును నొప్పి లేకుండా చంపి, లోతుగా పాతిపెట్టాలి. చుట్టుపక్కల గుర్రాలు, గాడిదల రాకపోకలు ఆపి, అన్నిటి రక్తం పరీక్షించాలి.

ఇంత కఠినమైన నిర్ణయానికి ఆధారం ఒక రక్తపరీక్ష. కాబట్టి పరిశోధన బరువంతా ఆ పరీక్ష మీదే పడింది. చాలాకాలం అందరూ నమ్ముకున్నది కాంప్లిమెంట్ ఫిక్సేషన్ అనే పరీక్ష. గుర్రం రక్తంలో ఈ బ్యాక్టీరియాకు వ్యతిరేకంగా యాంటీబాడీలు ఉన్నాయో లేవో చెబుతుంది. చిక్కేమిటంటే, అది ఒక్కోసారి రోగం లేని గుర్రాన్ని కూడా పాజిటివ్ అంటుంది. ఎందుకో తెలుసుకోవాలంటే ఈ బ్యాక్టీరియా వంశం చూడాలి.

బర్ఖోల్డేరియా మాలైకి ఒక దగ్గరి బంధువు ఉంది, సూడోమాలై. అది మట్టిలో, వరి పొలాల బురదలో స్వేచ్ఛగా బతుకుతుంది. మనుషులకు మెలియాయిడోసిస్ అనే జబ్బు తెస్తుంది. దక్షిణ భారతంలోనూ ఉంది. 2004లో రెండిటి జన్యు పటాలూ చదివి పక్కపక్కన పెట్టి చూస్తే, మట్టి బంధువు దగ్గర సుమారు 72 లక్షల అక్షరాల జన్యు పుస్తకం ఉంది, గ్లాండర్స్ బ్యాక్టీరియా దగ్గర సుమారు 58 లక్షలు. అంటే ఎప్పుడో ఒకప్పుడు మట్టి బ్యాక్టీరియా ఒకటి జంతువు ఒంట్లోకి చేరి, అక్కడే హాయిగా ఉండడంతో, బయట బతకడానికి కావాల్సిన పేజీలను ఒక్కొక్కటిగా పోగొట్టుకుంది. ఇప్పుడు దానికి గుర్రం, గాడిద జాతి ఒళ్లే ఇల్లు. మట్టిలో నిలవలేదు, ఎండకు చచ్చిపోతుంది. ఇది మనకు మంచి వార్త కూడా. గుర్రాల్లోంచి తీసేయగలిగితే దాక్కోవడానికి దానికి ఇంకో చోటు లేదు. కానీ ఈ చుట్టరికం వల్లే పాత పరీక్ష పొరపడుతుంది. బ్యాక్టీరియా మొత్తాన్ని నలగ్గొట్టి పరీక్షకు వాడితే, బంధువులతో పోలిన ముక్కలు కూడా అందులో కలిసిపోతాయి.

అందుకే ఈ మధ్య పరిశోధకులు మొత్తం బ్యాక్టీరియాను వదిలేసి ఒకే ఒక్క ప్రోటీన్‌ను ఎంచుకోవడం మొదలుపెట్టారు. హెచ్‌సీపీ1 అనేది అలాంటిది. ఈ బ్యాక్టీరియా కణంలోకి దూరాక పక్క కణాలను గుచ్చి కలిపేసుకునే యంత్రాంగంలో అదొక భాగం. ఒంట్లో నిజంగా రోగం నడుస్తుంటేనే దానికి యాంటీబాడీలు బలంగా తయారవుతాయి. ల్యాబులో ఆ ప్రోటీన్‌ను విడిగా తయారుచేసి రక్తంలో యాంటీబాడీలను పట్టే ఎలీసా పరీక్షలో పెట్టారు. హర్యానాలోని హిసార్‌లో ఉన్న జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం ఈ దారిలో గట్టి పనిచేసింది. ఇలాంటి పరీక్షలో ఇంకో లాభం ఉంది. ప్రమాదకరమైన సజీవ బ్యాక్టీరియాను పెంచక్కర్లేదు, కాబట్టి రాష్ట్రాల ల్యాబుల్లోనే మొదటి వడపోత చేసుకోవచ్చు. అందులో అనుమానం వచ్చినవాటిని హిసార్ పంపి ఖాయం చేసుకుంటారు.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి చెప్పాలి. పరీక్ష ఎంత మంచిదైనా రక్తం ఇచ్చేవాడు ముందుకు రావాలి కదా. ఒక గుర్రం మీద ఇల్లంతా బతుకుతున్నప్పుడు, పాజిటివ్ అంటే చంపేస్తారని తెలిసినప్పుడు, ముక్కు కారుతున్న గుర్రాన్ని రాత్రికి రాత్రే పక్క జిల్లాకు అమ్మేయాలనిపించడం సహజం. రోగం అలాగే ప్రయాణం చేస్తుంది. నష్టపరిహారం నిబంధన ఉంది. అది గుర్రం ధరకు దగ్గరగా ఉండి, చేతికి త్వరగా అందితే ఎలీసా చేసేంత మేలూ చేస్తుంది. గాడిదల విషయంలో ఇది మరీ అవసరం. ఇటుక బట్టీల్లో, మట్టి పనుల్లో గాడిదలను నమ్ముకున్న కుటుంబాలు మన పాలమూరు, నల్లగొండ వైపు తగ్గిపోయాయి గానీ పూర్తిగా పోలేదు. 2019 పశుగణనలో దేశం మొత్తం మీద గాడిదలు లక్షా ఇరవై వేలకు పడిపోయాయి. అంతకుముందు లెక్కతో పోలిస్తే 61 శాతం తగ్గుదల. సంఖ్య తగ్గేకొద్దీ వాటిని పట్టించుకునే కళ్లూ తగ్గుతాయి.

కాక గుర్రం రిపోర్టు వచ్చేదాకా ఇంట్లో అందరికీ ఒకటే టెన్షన్. ఆయన అన్నం సగంలోనే వదిలేసేవాడు, రాత్రుళ్లు కొట్టం దగ్గరే మంచం వేసుకున్నాడు. గ్లాండర్స్ లేదని తేలింది. ఆలోపే ముసలిదాని దవడ కింది వాపు పండి, పగిలి, గిన్నెడు చీము కారింది. అప్పుడు రోగం పేరు తేలింది, స్ట్రాంగిల్స్.

స్ట్రెప్టోకాకస్ ఈక్వై అనే బ్యాక్టీరియా దీనికి కారణం. గొంతు చుట్టూ ఉండే గ్రంథులు వాచి గడ్డలవుతాయి. గుర్రానికి ఊపిరాడక గురగుర శబ్దం వస్తుంది. చాలావరకు గుర్రాలు కోలుకుంటాయి. అసలు కథ కోలుకున్నాక మొదలవుతుంది. గుర్రం తలలో, చెవుల కింద, గొంతుకు రెండు వైపులా గాలి సంచులు ఉంటాయి. ఒక్కొక్కటి అర లీటరు దాకా పడుతుంది. మనకు అలాంటివి లేవు. గడ్డ బయటికి కాకుండా లోపలికి పగిలితే చీము ఆ సంచిలోకి చేరుతుంది. కొన్నాళ్లకు ఆరి, గోలీల్లా గట్టిపడుతుంది. ఆ గోలీల్లో బ్యాక్టీరియా నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి బతికే ఉంటుంది. గుర్రానికి జ్వరం ఉండదు, వాపు ఉండదు. కోలుకున్న పది గుర్రాల్లో దాదాపు ఒకటి ఇలా మిగిలిపోతుందని పరిశోధకులు అంటారు.

కాక కొన్న కొత్త గుర్రం ఆ పదిలో ఒకటి. వారానికోసారి ముక్కులోంచి నమూనా తీశారు. రెండుసార్లు ఏమీ లేదు. మూడోసారి పీసీఆర్ పరీక్షలో దొరికింది. సంచి నుంచి బ్యాక్టీరియా రోజూ బయటికి రాదు, అందుకే ఒక్క నమూనాతో నమ్మకూడదు. హైదరాబాద్ తీసుకెళ్లి ఎండోస్కోప్ పెట్టించి, సంచి కడిగించి, గోలీలు తీయించారు. ముసలిదానికి రోగం ఎక్కడినుంచి వచ్చిందో అప్పుడు కాకకు అర్థమైంది. అమ్మినవాడు చెప్పలేదు. వాడికీ తెలిసి ఉండకపోవచ్చు.

2021లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో 19 దేశాల నుంచి సేకరించిన 670 స్ట్రాంగిల్స్ బ్యాక్టీరియా నమూనాల జన్యువులను చదివారు. ఖండాల అవతల ఉన్న గుర్రాల్లో దాదాపు ఒకేలాంటి బ్యాక్టీరియా కనిపించింది. పందేలకు, అమ్మకాలకు విమానాల్లో తిరిగే గుర్రాలు దాన్ని వెంట మోసుకెళ్తున్నాయన్నమాట. మన దగ్గర విమానం బదులు బొలెరో. సజీవ బ్యాక్టీరియా లేకుండా, కొన్ని ప్రోటీన్లను మాత్రమే కలిపి చేసిన వ్యాక్సిన్‌కు ఐరోపాలో అదే ఏడాది అనుమతి వచ్చింది. దాని గొప్పతనం ఏమిటంటే, వ్యాక్సిన్ వేసిన గుర్రం ఏదో, రోగం సోకిన గుర్రం ఏదో పరీక్షలో విడిగా తెలుస్తుంది.

బ్యాక్టీరియా సంగతి ఇలా ఉంటే, పరాన్నజీవులు దాక్కోవడంలో ఇంకా ఆరితేరినవి.

చెవిలో జోరీగ అని ఊరికే అనలేదు. వానాకాలంలో పశువుల చుట్టూ తిరిగే ఆ పెద్ద ఈగ గుర్రానికి చిరాకు ఒక్కటే కాదు, సర్రా అనే రోగాన్నీ తెస్తుంది. ఒక పశువు రక్తం తాగుతుంటే అది తోకతో కొడుతుంది, జోరీగ లేచి పక్కదాని మీద వాలుతుంది. మూతికి అంటిన తడి రక్తంలో ట్రిపనోసోమా ఇవాన్సీ అనే ఏకకణ జీవి ఉంటే కొన్ని నిమిషాల్లోనే రెండో పశువులోకి దిగిపోతుంది. గుర్రంలో జ్వరం వస్తూ పోతూ ఉంటుంది. రక్తం తగ్గి చిగుళ్లు తెల్లబడతాయి, కాళ్లు, పొట్ట కింద నీరు దిగుతుంది, వెనక కాళ్లు తడబడతాయి. వైద్యం అందకపోతే బతకడం కష్టం. ఎద్దులు, గేదెలు మాత్రం చాలాసార్లు దీన్ని మోస్తూ పైకి ఏమీ చూపించవు. మూసీ ఒడ్డున మేసే గేదెల మంద పక్కన గుర్రాన్ని కట్టేసినప్పుడు, గేదెలు బాగున్నాయి కదా అని ధీమాగా ఉండడానికి లేదు.

ఈ జీవిని 1880లో గ్రిఫిత్ ఇవాన్స్ అనే పశువైద్యుడు అప్పటి పంజాబ్‌లోని డేరా ఇస్మాయిల్ ఖాన్‌లో గుర్రాల, ఒంటెల రక్తంలో చూశాడు. ఇంత చిన్న జీవి ఇంత పెద్ద పశువును చంపుతుందంటే ఆ రోజుల్లో పైవాళ్లు ఒప్పుకోలేదు. సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా జీవిని చూడడానికి అది పదిహేడేళ్ల ముందు మాట.

దీని వంశం కూడా పోగొట్టుకున్న కథే. ఆఫ్రికాలోని దీని పూర్వీకులకు సెట్సీ ఈగ కడుపులో పెరగడం తప్పనిసరి. ఆ ఈగ లేనిచోట అవి బతకలేవు. మన సర్రా జీవి తన కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా అనే భాగంలోని డీఎన్ఏలో పెద్ద భాగం పోగొట్టుకుంది. దాంతో సెట్సీ కడుపులో పెరిగే శక్తి పోయింది, దానికి ఆ ఈగ అవసరమూ పోయింది. ఇక ఏ జోరీగ మూతి దొరికినా చాలు. ఆఫ్రికా దాటి మన దేశం దాకా రాగలగడం వెనక ఉన్న కారణం అదే.

గుర్రం ఒంట్లోని రక్షణ దళం దీన్ని ఎందుకు పట్టుకోలేదంటే, ఇది చొక్కాలు మారుస్తుంది. దీని ఒంటిని కప్పి ఒకే రకం ప్రోటీన్ పొర ఉంటుంది. గుర్రం ఆ పొరను గుర్తుపట్టి యాంటీబాడీలు తయారుచేసేసరికి కొన్ని జీవులు వేరే పొర తొడుక్కుంటాయి. పాతవి చస్తాయి, జ్వరం తగ్గుతుంది. కొత్తవి పెరుగుతాయి, జ్వరం తిరగబెడుతుంది. ఈ జాతి జీవుల దగ్గర ఇలాంటి పొరల జన్యువులు వెయ్యికి పైగా ఉంటాయి. వ్యాక్సిన్ రాకపోవడానికి ఇదే మూలం. జ్వరం లేని రోజున రక్తం తీసి మైక్రోస్కోప్ కింద చూస్తే ఒక్క జీవీ కనిపించకపోవచ్చు. అందుకే జ్వరం ఉన్న రోజే రక్తం తీయాలి, వీలైతే పీసీఆర్, యాంటీబాడీ పరీక్షలు కూడా చేయించాలి. క్వినాపైరమిన్ లాంటి మందులు ఉన్నాయి. వాటి మోతాదు విషయంలో గుర్రం చాలా సున్నితం. గేదెకు వేసిన లెక్కన గుర్రానికి వేయకూడదు.

మనిషి రక్తంలో ఈ జీవిని చంపే ప్రోటీన్ ఒకటి సహజంగానే ఉంటుంది. అందుకే సర్రా మనకు రాదని చాలాకాలం అనుకున్నారు. 2004లో మన అసిఫాబాద్ సరిహద్దుకు అవతల, మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలో ఒక రైతుకు నెలల తరబడి వచ్చిపోయే జ్వరం. రక్తం చూస్తే సర్రా జీవి. పరీక్షిస్తే ఆయన జన్యువుల్లోని లోపం వల్ల ఆ రక్షక ప్రోటీన్ తయారే కావడం లేదని తేలింది. సురామిన్ అనే మందుతో ఆయన కోలుకున్నాడు. ఆ ఊళ్లో మిగతావాళ్లను పరీక్షిస్తే ఎవరి రక్తంలోనూ జీవి కనిపించలేదు. అరుదైన సంగతే, కానీ పశువుల రోగం, మనుషుల రోగం అని మనం గీసుకున్న గీత ఎంత సన్ననిదో చూపిస్తుంది.

గోమార్లు తెచ్చే పైరోప్లాస్మోసిస్ గురించి క్లుప్తంగా. థైలీరియా ఈక్వై, బబేసియా కబాలై అనే రెండు జీవులు ఎర్ర రక్తకణాల్లో చేరి వాటిని పగలగొడతాయి. జ్వరం, కామెర్లు, ఎర్రగా ముదిరిన మూత్రం. మొదటిది ఒకసారి ఒంట్లో చేరితే గుర్రం కోలుకున్నా జీవితాంతం దాన్ని మోస్తూనే ఉండవచ్చు. గోమారుతో పాటు మన చేతుల మీదుగా కూడా ఇది ఎక్కుతుంది: ఒకే సూదితో నాలుగు గుర్రాలకు ఇంజెక్షన్ వేస్తే. పెళ్లిళ్ల సీజన్‌లో బలం మందులని, నొప్పి మందులని ఒకే సూది వరసగా తిరగడం నేను కళ్లారా చూశాను. చాలా బాధ వేసింది. కొత్త సూది ధర ఎంతని?

ఇక కడుపులో పురుగులు. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ ఇటీవలి పరిశోధన మన అలవాట్లను తలకిందులు చేసింది ఇక్కడే. 1960లలో పురుగుల మందులు మంచివి వచ్చాయి. రక్తనాళాల్లోకి దూరి కడుపునొప్పితో గుర్రాలను చంపే పెద్ద స్ట్రాంగైల్ పురుగు అప్పట్లో అసలు శత్రువు. 1966లో అమెరికాలో డ్రడ్జ్, లయన్స్ అనే పరిశోధకులు ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి అన్ని గుర్రాలకూ మందు వేయమన్నారు. అప్పటికి అది సరైన సలహానే. పెద్ద పురుగు బాగా తగ్గింది. కానీ ఆ లెక్కే తరాల పాటు అలవాటైపోయి, చిన్న స్ట్రాంగైల్స్ అనే ఇంకో రకం పురుగులు ఆ మందులకు మొండికెత్తాయి. వీటి పిల్లలు పేగు గోడలో గూడు కట్టుకుని రెండేళ్ల దాకా నిద్రపోగలవు. లద్దెలో గుడ్లు కనిపించవు, గుర్రం బాగానే ఉంటుంది. ఒక్కసారిగా అన్నీ గూళ్లు పగలగొట్టుకుని బయటికొస్తే పేగు పుండైపోయి విపరీతమైన విరేచనాలు పట్టుకుంటాయి.

పరిశోధకులు లద్దెలో గుడ్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాక ఒక వింత తేలింది. ఒక మందలోని గుడ్లలో దాదాపు 80 శాతం ఓ 20 శాతం గుర్రాల నుంచే వస్తాయి. ఇక్కడా అంతే, ఎక్కువ గుడ్లు పెట్టిస్తున్న గుర్రం చిక్కినట్టు ఉండాలని ఏమీ లేదు. కాబట్టి అందరికీ మందు పోసే బదులు, లెక్కపెట్టి, ఎక్కువ ఉన్నవాటికే పోయాలి. పద్నాలుగు రోజుల తర్వాత మళ్లీ లెక్కపెడితే మందు పనిచేసిందో లేదో తెలుస్తుంది. తక్కువ గుడ్లున్న గుర్రాలను వదిలేయడం వల్ల, మందు రుచి చూడని పురుగులు కొన్ని మిగిలి, మొండి పురుగులు ఒక్కటే రాజ్యం ఏలకుండా ఉంటాయి. పెద్ద యంత్రాలేమీ వద్దు. నాలుగు గ్రాముల లద్దె, ఉప్పునీళ్లు, గళ్లు గీసిన ఒక గాజు పలక, మైక్రోస్కోప్ ఉంటే చాలు. మన ఎండాకాలం కూడా ఒక మందే. నలభై డిగ్రీల ఎండలో ఎండిన నేల మీద పురుగు పిల్లలు నిలవలేవు. తొలకరి తర్వాత పచ్చిక లేచాకే వాటి కాలం. ఎక్కడో చల్లటి దేశం క్యాలెండర్ చూసి మందు వేయడం కంటే మన వానలను చూసి వేయడం మేలని నా నమ్మకం. గాడిదను గుర్రంతో కలిపి మేపేవాళ్లు ఇంకొకటి గుర్తుపెట్టుకోవాలి. ఊపిరితిత్తుల పురుగును గాడిద దగ్గు కూడా లేకుండా మోస్తుంది. అదే పురుగు గుర్రంలోకి వెళ్తే గుర్రం నెలల తరబడి దగ్గుతుంది.

ఇదంతా గుర్రాలున్న పదిమందికి పనికొచ్చే సంగతి అనుకునేవాళ్లకు ఒక మాట. పాత మహబూబ్‌నగర్ జిల్లా కొత్తూరు మండలంలోని తిమ్మాపూర్‌లో పాముకాటు మందు తయారుచేసే కంపెనీ ఉంది. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజరి, ఈ నాలుగింటి విషాన్నీ కొద్దికొద్దిగా గుర్రాలకు ఎక్కించి, వాటి రక్తంలో తయారైన యాంటీబాడీల నుంచే పాముకాటు మందు చేస్తారు. పత్తి చేనులో కాటు తిన్న కూలీకి ఆసుపత్రిలో ఎక్కించేది ఏదో ఒక గుర్రం ఇచ్చిన రక్షణే. ఆ గుర్రం లోపల రోగం దాగి ఉంటే ఏమవుతుందో 1901లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరం చూసింది. జిమ్ అనే ముసలి పాలబండి గుర్రం రక్తంతో పిల్లలకు డిఫ్తీరియా మందు చేసేవాళ్లు. జిమ్‌కు ధనుర్వాతం వచ్చింది. రోగం బయటపడకముందే, పైకి బాగున్న రోజుల్లో తీసిన రక్తంతో చేసిన మందు కూడా పిల్లలకు వెళ్లింది. పదమూడు మంది పిల్లలు చనిపోయారు. ఆ మరుసటి ఏడాదే ఇలాంటి మందుల తయారీ మీద అమెరికా చట్టం తెచ్చింది. ఇప్పుడు ఇలా మందు కోసం రక్తం ఇచ్చే గుర్రాలను విడిగా ఉంచి, గ్లాండర్స్ మొదలుకొని ఎన్నో రోగాలకు పరీక్షించాకే మందలో కలపడం వెనక అలాంటి చావుల జ్ఞాపకం ఉంది.

స్ట్రాంగిల్స్ గురించి డాక్టర్ చెప్పినవాటిలో కాక పట్టుకున్నది ఒకటే. జ్వరం మొదలైన రోజున గుర్రం ముక్కులోంచి బ్యాక్టీరియా ఇంకా రాదు. ఒకటి రెండు రోజులు ఆగి వస్తుంది. ఆ ఒకటి రెండు రోజుల్లో పట్టుకుంటే మిగతా గుర్రాలు బతికిపోతాయి. చీమిడి కనిపించేదాకా ఆగితే ఆలస్యమే. ఇప్పుడు ఆయన కొట్టంలో గోలేలు నాలుగు, ఒక్కో గుర్రానికి ఒకటి, పక్కన విడిగా ఇంకొకటి. కొత్త గుర్రం కొంటే మూడు వారాలు చింతచెట్టు అవతల కట్టేస్తాడు, దాని బకెట్, దాని బ్రష్ ఇటువైపు రావు. పెళ్లికి పోయొచ్చిన గుర్రానికి పొద్దున, సాయంత్రం థర్మామీటర్ పెట్టి, మా చెల్లెతో స్కూలు నోట్‌బుక్‌లో రాయిస్తాడు. నూటొకటిన్నర దాటిందంటే ఆ రోజు పెళ్లి అడ్వాన్స్ వెనక్కిచ్చి, పశువైద్య సేవల నంబరు 1962కు ఫోన్ చేస్తాడు. మొన్న నేను వెళ్లినప్పుడు ముసలిదాని పక్కన నిలబడి థర్మామీటర్ వెలుతురుకేసి పట్టుకుని చూస్తున్నాడు.

"ఎంతున్నది కాకా?"

"నూరు మీద జర్రంత. రాసుకోమను బిడ్డా."